‘గడ్డకట్టిన’ జిగురు: ఒక పారిభాషిక సందిగ్ధత

వెండి రేణువులు కలిపిన ఎపాక్సీ జిగురును ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో సోల్డరింగు వేడికి తట్టుకోలేని భాగాలను అతకడానికి వాడతారు. ముందే మిశ్రమం చేసి వచ్చే రకాన్ని సాధారణంగా -40 డిగ్రీల సెల్సియస్ వద్ద నిల్వ చేస్తారు. దీనిని తెలుగులో వివరించబోతే క్రియాపదమే అడ్డుతగులుతుంది. చలికి గడ్డకట్టడం, రసాయనచర్యతో గడ్డకట్టడం రెండూ మనకు ఒకటే. మొదటిది జిగురును కాపాడే స్థితి. రెండవది తిరుగులేని మార్పు. ‘జిగురు గడ్డకట్టింది’ అని చదివిన విద్యార్థి దానిని వాడాలా, పారవేయాలా? ‘ఘనీభవనం’ అన్నా చిక్కు తీరదు. అదే సందిగ్ధత సంస్కృతంలోకి మారుతుంది, అంతే.

2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి ప్రాంగణమున్న నూజివీడులో ఈ మాటకై దూరం పోనక్కరలేదు. మామిడికాయను గడ్డిలో మగ్గబెడతారు. వెచ్చదనం మగ్గడాన్ని త్వరపరుస్తుంది, చలి నెమ్మదింపజేస్తుంది. మగ్గిన పండు మళ్ళీ కాయ కాదు. జిగురు తీరూ ఇదే. అయితే పండు మెత్తబడుతుంది, జిగురు గట్టిపడుతుంది. కనుక ‘మగ్గి గట్టిపడడం’ అనాలని నా ప్రతిపాదన. పొడవైనదే, కాని స్పష్టం. చలి మార్పుకు నేతికి వాడే ‘పేరుకోవడం’ చాలు. (పెరుగుకూ ఈ మాట ఉన్నదన్న అభ్యంతరం నాకు తెలుసు.) అప్పుడు సూచన ఇలా ఉంటుంది: పేరుకున్న జిగురును మూత తీయకుండానే గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి, ముందే తీస్తే గాలిలోని తేమ దానిపై చేరుతుంది, మగ్గి గట్టిపడినదానిని వాడరాదు.