వెలుగుకీ ఒక మర్యాద వుంది

పుస్తకానికి సమీక్ష వుంది. సినిమాకి వుంది. పాటకచేరీకి వుంది. ఆఖరికి ముగ్గులపోటీకి కూడా ముగ్గురు న్యాయనిర్ణేతలుంటారు. ఊరి నడిబొడ్డున నిలబడ్డ భవనాలకి రాత్రిపూట వేసే దీపాల గురించి మాత్రం ఎవరూ పెదవి విప్పరు. “అబ్బ, ఎంత బాగా వేశారో!” అనేసి ముందుకి సాగిపోతాం. పుస్తకం నచ్చకపోతే మూసెయ్యొచ్చు. సినిమా నచ్చకపోతే ఇంటర్వెల్లో లేచి రావచ్చు. ఎదుటి గోడ మీది దీపాలు నచ్చకపోతే ఏం చేస్తాం? కిటికీ మూసుకుని, ఉక్కపోతలో పడుకుంటాం. ఈ ప్రదర్శనకి మనం టిక్కెట్టు కొనలేదు నిజమే, కానీ మధ్యలో లేచిపోయే వీలు కూడా లేదు. అందుకని దీని మీద నాలుగు మాటలనే హక్కు మనకి అందరికన్నా ఎక్కువే వుందని నా నమ్మకం.

ముందు మంచి మాటతోనే మొదలుపెడదాం. మైసూరు రాజభవనం సంగతే చూడండి. 1897లో పాత కొయ్య భవనం కాలిపోతే, హెన్రీ ఇర్విన్ అనే శిల్పి గీసిన పటం ప్రకారం కట్టిన కొత్త భవనం 1912 నాటికి పూర్తయింది. దాని మీద వున్నవి దాదాపు లక్ష చిన్న బల్బులు. ఆదివారాలూ, ప్రభుత్వ సెలవుదినాలూ, దసరా రోజుల్లోనూ చీకటిపడ్డాక ఒక్కసారిగా వెలుగుతాయి. మామూలు ఆదివారాల్లో ఆ వైభవం గంటసేపు కూడా వుండదు. ఆ క్షణంలో జనంలోంచి “హా” అనే శబ్దం ఒకటి వస్తుంది చూడండి, అది ఏ సంగీత కచేరీలోనూ వినబడదు.

ఆ దీపాల గొప్పతనం ఎక్కడుంది? లక్షలో లేదు. అవి గోడని వెలిగించడానికి పెట్టినవి కావు, గీతని వెలిగించడానికి పెట్టినవి. గుమ్మటం అంచు వెంట ఒక వరస, కమాను వంపు వెంట ఒక వరస, స్తంభానికి అటూ ఇటూ ఒక వరస. చుక్కలు కలిపి ముగ్గు వేసినట్టు, బల్బులు కలిపి భవనాన్ని చీకటి మీద వేశారు. వేసినవాళ్ళకి భవనం తెలుసు. ఏ వంపు దగ్గర దానికి సొగసుందో తెలుసు. ఇంకో మాట, ఆ దీపాలు రోజూ వుండవు. పట్టుచీర రోజూ కడితే అది పట్టుచీరెలా అవుతుంది?

ఇక అదే పనిని మన పెళ్ళివారిళ్ళ మీద చూడండి. సీరియల్ సెట్లు మేడ మీంచి కిందికి తోరణాల్లా వేలాడుతుంటాయి. అక్కడ ఇల్లు కనిపించదు, కనిపించనక్కర్లేదు కూడా. “ఈ ఇంట్లో శుభకార్యం వుంది” అని ఊరికి చెప్పడమే వాటి పని. ఆ పని చేసి మూడోరోజుకి దిగిపోతాయి. ఆ వేడుకని నేనేమీ అనను. మూడోరోజు దిగిపోని పెళ్ళిదీపాల గురించే నా బెంగంతా. ఇప్పుడు ఊళ్ళల్లో చాలా భవనాలు ఏడాది పొడుగునా పెళ్ళివారిళ్ళలాగే వుంటున్నాయి మరి!

రాత్రి భవనాన్ని వెలిగించడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి, దూరంగా పెద్ద దీపం పెట్టి గోడ మొత్తాన్నీ వెలుగుతో కడిగెయ్యడం. రెండోది, దీపాన్ని గోడకి బాగా దగ్గరగా పెట్టి వెలుగుని వాలుగా పాకించడం. ఇందులో రహస్యమేదో వుందనుకోకండి, చీరల కొట్లో మనం రోజూ చేసే పనే. జరీపనితనం చూడాలంటే చీరని దీపానికి ఎదురుగా పట్టుకోం. కాస్త వాల్చి పట్టుకుంటాం. అప్పుడే ప్రతి పువ్వూ లేచి నిలబడుతుంది. గోడ కూడా అంతే. ఎదురుగా వచ్చిన వెలుగు గోడని పలకలా చదును చేస్తుంది. వాలుగా వచ్చిన వెలుగు పక్కనే చిన్న నీడని పుట్టిస్తుంది. ఆ నీడ వల్లనే పనితనం కంటికి ఆనుతుంది.

1591లో కట్టిన చార్మినారుని తలుచుకోండి. దాని అందం రాయిలో కన్నా రాయి మీది సున్నపు గచ్చుపనిలో వుంది. మినారు చుట్టూ తిరిగే వసారాలు, వాటి కింద ఆకులూ పువ్వులూ, చిన్న చిన్న కమానులూ, అన్నీ వేలెడు లోతు పనితనం. దాని మీద నీరెండలాంటి వెలుగు వాలుగా పడితే నాలుగు వందల ఏళ్ళ నాటి మేస్త్రీ చెయ్యి కదిలినట్టుంటుంది. బలమైన దీపం ఎదురుగా పడితే ఆ పనంతా తుడుచుకుపోయి, సినిమా సెట్టులాగా అట్టముక్క మిగులుతుంది. పైగా దాని కాళ్ళ దగ్గరే లాడ్‌బజారు గాజుల తళతళ వుండనే వుంది. ఆ మెరుపుతో పోటీకి దిగమని అంత పెద్దరికం వున్న కట్టడాన్ని అడగడం న్యాయం కాదు. చుట్టూ వున్న వెలుగుని కాస్త తగ్గిస్తే కొద్దిపాటి దీపంతోనే అది రాజులా నిలబడుతుంది. ఇది ఏ ఇల్లాలికైనా తెలిసిన లెక్కే. ఇంట్లో అందరూ అరుస్తుంటే పెద్దాయన కూడా అరవాలి, అందరూ ఊరుకుంటే ఆయన దగ్గినా వినిపిస్తుంది.

పారిస్ వాళ్ళ ఐఫెల్ టవరు కూడా ఇక్కడ చెప్పుకోవలసిందే. చాలాకాలం దాన్ని బయటనుంచి దీపాలు వేసి వెలిగించేవారు. 1985 డిసెంబరు 31న పియెర్ బిదో అనే ఆయన ఆ పద్ధతి మార్చి, 336 దీపాల్ని టవరు కడ్డీల లోపలే అమర్చి, వెలుగు లోపలినుంచి పైకి పాకేటట్టు చేశాడు. అది బంగారు రంగు వెలుగు. దాంతో ఇనుము జల్లెడలాగా, లేసు అల్లికలాగా కనబడసాగింది. ఆ తర్వాత గంటకోసారి అయిదు నిమిషాలు మెరిసే ఇరవై వేల బల్బులు కూడా చేర్చారనుకోండి. ఆ మెరుపు నాకంత ముఖ్యం కాదు. కడ్డీలతో అల్లిన కట్టడానికి వెలుగు కడ్డీల మధ్యనుంచే రావాలని ఒక మనిషికి తోచింది చూశారూ, అదీ విమర్శకులు మెచ్చుకోవలసిన తెలివి. కట్టడం స్వభావాన్ని చదువుకున్నాకే అతను దీపం పట్టుకున్నాడు.

మనవాళ్ళు ఎక్కువగా తడబడేది శిల్పాల దగ్గర. చిన్నపిల్లలు చీకట్లో గడ్డం కింద టార్చిలైటు పెట్టుకుని “బూ” అని భయపెడతారు కదా! అందులో మర్మమేమిటి? మొహం అదే, వెలుగు వచ్చే దిక్కు మారింది. అంతే. ముక్కు నీడ పైకి పోతుంది, కనుబొమల కింద వుండవలసిన చీకటి పైకెక్కుతుంది. మన గోపురాల మీది బొమ్మల్ని చెక్కినవాళ్ళు సూర్యుడు పైనుంచి వస్తాడని నమ్మి చెక్కారు. ఆ నీడలన్నీ ఆ లెక్కన పడవలసినవే. రాత్రయ్యేసరికి కిందినుంచి బలమైన దీపం వేశామా, ద్వారపాలకుడు దెయ్యమవుతాడు, అమ్మవారి చిరునవ్వు ఇంకేదో అవుతుంది. దీపాన్ని కాస్త దూరంగా, ఎత్తుగా, ఒక పక్కకి పెడితే ఆ శిల్పి ఆత్మ శాంతిస్తుంది.

హుస్సేన్‌సాగర్ నడుమ 1992లో నిలబెట్టిన బుద్ధుడి విగ్రహం ఏకశిల. ఆ రాతిలో వున్నది ఒకే ఒక భావం, ప్రశాంతత. దాని మీద నీలమూ, గులాబీ, ఆకుపచ్చ వంతులవారీగా వేస్తుంటే చూస్తూ నిలబడ్డ నాకు ఎప్పుడూ ఒకటే అనుమానం. కోరికలన్నీ వదిలిపెట్టినాయనకి ఇన్ని రంగులు మార్చాలని మనకెలా తోచింది? తెల్లటి పలచని వెలుగు, నీళ్ళలో దాని నీడ, ఆ రెండూ చాలు కదా! అదే దుర్గంచెరువు మీద 2020లో ప్రారంభించిన తీగల వంతెన దగ్గర రంగులు మారుతుంటే నాకు బాగానే వుంటుంది. ఎందుకంటే అది ఈ కాలపు బిడ్డ. దాని అందం బిగించి లాగిన తీగల్లో వుంది, ఆ తీగల వెంట రంగు పరిగెడితే వీణ మీటినట్టే వుంటుంది. రంగులతో నాకు విరోధమేమీ లేదు. కొత్తకోడలికి నప్పింది అత్తగారికి కూడా నప్పాలని పట్టుబట్టకండి, అంతే నేననేది.

వెలుగు తెలుపులో కూడా రకాలున్నాయి. దాన్ని కెల్విన్లలో కొలుస్తారు. వెనకటి గుండ్రటి బల్బు వెలుగు సుమారు 2700, మన ఇళ్ళల్లో తెల్లటి ట్యూబులైటుది సుమారు 6500. తమాషా ఏమిటంటే అంకె పెరిగేకొద్దీ వెలుగు చల్లగా, నీలంగా అవుతుంది. ఇటుక, ఎర్రరాయి, పసుపుపచ్చ సున్నం, ఇలాంటి వాటికి తక్కువ అంకె నప్పుతుంది. నీలపు తెలుపు పడితే అవి జ్వరం వచ్చినవాళ్ళలా పాలిపోతాయి. చీరల కొట్లో దీపం కింద వంగపండు రంగని కొన్నది, ఇంటికొచ్చాక ఇంకేదో రంగై కూర్చోదూ? అందుకే కదా మన పెద్దవాళ్ళు చీరని గుమ్మం దగ్గరికి పట్టుకెళ్ళి పగటి వెలుగులో చూసేవారు! నౌబత్ పహాడ్ మీద 1976 నాటి బిర్లామందిరం లాంటి తెల్లరాతి కట్టడాలకి ఇంకో చిక్కుంది. తెల్లరాయి నోరులేని పిల్ల. ఏ రంగు వేస్తే ఆ రంగు పూసుకుంటుంది, వద్దనదు. వద్దనలేనివాళ్ళ దగ్గరే మనం ఎక్కువ జాగ్రత్తగా వుండాలి.

దీపాలే అక్కర్లేని చోటు కూడా ఒకటి చెబుతాను. తాజమహల్‌ని 2004 నుంచి మళ్ళీ రాత్రిపూట చూడనిస్తున్నారు. నెలకి అయిదు రాత్రులే. పౌర్ణమి, దానికి ముందు రెండు, తర్వాత రెండు. అందులో శుక్రవారాలూ రంజాన్ మాసమూ మినహాయింపు. అక్కడ వెలుగు చంద్రుడిది. నిండుపున్నమి వెలుగు సుమారు పావు లక్స్ మాత్రమే. మనం హాయిగా పుస్తకం చదువుకునే గదిలో వుండే వెలుగుకి అది దాదాపు వెయ్యోవంతు. ఆ వెయ్యోవంతుతోనే ప్రపంచమంతా వచ్చి నోరు తెరుచుకుని చూస్తోంది. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి కాస్త వ్యవధి ఇస్తే ఎంత తక్కువ వెలుగు చాలుతుందో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఇదంతా అందం గురించిన కబుర్లేనా? కాదు. సాయంత్రం ఏడున్నరకి బస్సు దిగి, పెద్ద షాపింగ్ కాంప్లెక్సు పక్క సందులోంచి ఇంటికి నడిచే అమ్మాయి వుంది. కాంప్లెక్సు మొహం మీద పట్టపగలు. సందులో కటిక చీకటి. కళ్ళు ఎప్పుడూ ఎదురుగా వున్న పెద్ద వెలుగుకే అలవాటు పడతాయి. ఆ మిరుమిట్లలోంచి సందులోకి తిరిగిన క్షణంలో ఆమెకి ఏమీ కనబడదు. అక్కడ నిలబడ్డవాడికి మాత్రం ఆమె స్పష్టంగా కనబడుతుంది. గోడకి అంత ఖర్చుపెట్టి ఆమెని ఇంకాస్త చీకట్లోకి తోశారన్నమాట.

అలాగని భవనాల మీద దీపాలే వద్దంటానా? అననుగాక అనను. నెత్తిమీది వీధిదీపం రోడ్డుని చూపిస్తుందే గాని, ఎదుటి మనిషి మొహాన్ని నీడలోనే వుంచుతుంది. పక్కగోడ మీద పడి తిరిగొచ్చే మెత్తటి వెలుగు మొహాన్ని చూపిస్తుంది. వచ్చేది ఎవరో, వాడి వాలకమేమిటో పదడుగుల ముందే తెలుస్తుంది. ఒక్క భవనాన్ని దివిటీలా మండించే బదులు, ఆ డబ్బుతో వీధి పొడుగునా ప్రహరీల మీద పలచగా వెలుగు పరిస్తే వీధికి అందమూ వస్తుంది, ఆడపిల్లకి ధైర్యమూ వస్తుంది. రాత్రి దీపాల మీద నా విమర్శంతా చివరికి ఈ ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తుంది. ఈ దీపం ఎవరికోసం?

ఇళ్ళవాళ్ళు, అపార్టుమెంట్లవాళ్ళు కూడా ఆలోచించవచ్చు. ఎలివేషన్ లైట్లని ముందుగోడకి దండగా వేసి, మెట్లమీదా లిఫ్టు దగ్గరా మిణుకు మిణుకుమనే బల్బు వదిలేసిన భవనాలు ఎన్ని లేవు? మా వీధి చివర ఫంక్షన్ హాలొకటుంది. ముహూర్తాలు లేని మూఢంలో కూడా దాని దీపాలు ఎదుటి మేడ పడకగదిలోకే గురిపెట్టి వుంటాయి. దీపానికి చిన్న రేకు గొడుగు తొడిగితే వెలుగు గోడ మీదే వుంటుంది. పది దాటాక ఆర్పేస్తే చెట్టు మీది పిట్ట కూడా నిద్రపోతుంది. నీలపు తెలుపు బదులు పసుపు ఛాయ వెలుగు వేస్తే పురుగులు అంతగా ముసరవు. ఖర్చా? తగ్గుతుంది. 2022 సెప్టెంబరులో పారిస్ నగరపాలకులు విద్యుత్తు ఆదా కోసం ఐఫెల్ టవరు దీపాల్ని అర్ధరాత్రికి పావుగంట ముందే ఆర్పేయాలని నిర్ణయించారు. దానివల్ల టవరు పరువేమీ పోలేదు.

కార్తీకమాసంలో మన గుళ్ళల్లో ధ్వజస్తంభానికి ఆకాశదీపం కడతారు. ఒక్కటే దీపం. చిల్లుల పాత్రలోంచి ఆ కాస్త వెలుగూ రాలుతుంది. గుడి మొత్తాన్నీ చూపించాలని దానికి తాపత్రయం లేదు. గుడి ఇక్కడుంది, దారి ఇటు, రమ్మంటుంది. దీపం చెయ్యవలసిన పని అదే కదా.

ఈసారి రాత్రిపూట ఏదైనా వెలిగే భవనం ముందునుంచి వెళుతుంటే ఒక్క నిమిషం ఆగి చూడండి. “దీపాలు బాగున్నాయి” అనిపిస్తే దీపాలవాడు నెగ్గాడు. “భవనం బాగుంది” అనిపిస్తే భవనం నెగ్గింది. దాని పక్క సందులోంచి మీ అమ్మాయిని ఒంటరిగా పంపించగలననిపిస్తే, అప్పుడు మనందరం నెగ్గాం.