సున్నం బిళ్ల మీద తేదీ

పాత ఇంట్లో అడుగుపెడితే నా చూపు ముందు తలుపు చట్టం పక్కన మూలకు పోతుంది. ఎంత గీకినా అక్కడ పాత సున్నం కొంత మిగులుతుంది. ఈ అలవాటు మా పెద్దనాన్నది. కోలారు బంగారు గనుల క్వార్టర్లకు ఏళ్ల తరబడి మరమ్మతులు చేసిన మేస్త్రీ ఆయన.

ఆ గనుల ఊళ్లలో ఒకటైన ఊరిగాంలో ఒక దొరల బంగ్లా నాకు చూపించాడు. ముందు లోతైన వరండా, ఎత్తయిన కప్పు, మంగళూరు పెంకు, గోడ పైన గాలి కిటికీలు. వంటిల్లు వెనక దూరంగా. హాల్లో చలి కాచుకునే పొయ్యి! "పొయ్యి వాళ్ల ఊరికి, వరండా మన ఎండకి నాయనా" అన్నాడు. ఆ ఇంటి గురించి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు నాకు.

ఈ గనులకు 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వచ్చింది. 1956లో గనులు మైసూరు ప్రభుత్వానివయ్యాయి, 1962లో కేంద్రానివి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్‌వి. 2001లో మూతపడ్డాయి. గనితో పాటే ఇళ్లూ చేతులు మారాయి. తలుపు మూలలోని సున్నంలో మాత్రం ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద తెలుపు.

పగుళ్ల సంగతి వేరు. చాంపియన్ రీఫ్ గనిలో తవ్వకం 3 కిలోమీటర్ల లోతు దాటింది. అంత బరువు కింద బండ ఒక్కసారిగా పేలేది. ఎయిర్ బ్లాస్ట్ అనేవాళ్లు. పైన ఇళ్లు అదిరేవి, గూట్లో గిన్నెలు గలగలమనేవి, లోపల ఉన్నవాళ్ల కోసం ఆడవాళ్లు బయటికి పరుగెత్తేవాళ్లు. తెల్లారి పెద్దనాన్న గోడలు చూసుకుంటూ పోయేవాడు. పగులు కనబడితే వెంటనే పూడ్చేవాడు కాదు. దానికి అడ్డంగా పలచని సున్నం బిళ్ల వేసి, తడి ఆరకముందే మేకుతో తేదీ గీసేవాడు. బిళ్ల విరిగితే పగులు ఇంకా కదులుతోందన్నమాట. నెలలు గడిచినా విరగకుంటే అప్పుడు పూడ్చేవాడు. తొందరపడి పూత పూసి గోడ బాగుందనడం ఆయన దృష్టిలో అబద్ధం. పాత ఇంటిని బాగుచేసే ప్రతివాళ్లకూ ఈ ఓపిక ఉండాలని నా కోరిక.

ఆయన మాత్రం రేకుల కప్పు వేసిన లైన్ ఇంట్లోనే ఉన్నాడు. ఒక గది, చిన్న వసారా. ఆ ఇంటి కాగితాల్లో దేనిలోనూ ఆయన పేరు లేదు. మొన్న వెళ్లినప్పుడు గడప మీది గోడలో ఒక బిళ్ల కనబడింది. తేదీలో నెల చెరిగిపోయింది, సంవత్సరం చదవొచ్చు: 1971. వేలితో తడిమాను. విరగలేదు.