లాటరీ చీటీ - ఎర్ర చొక్కా

ఒక కళారూపం ఎవరిని కథానాయకుణ్ణి చేస్తుందన్నది శిల్ప సమస్య మాత్రమే కాదు, దృక్పథ సమస్య కూడా. 2010లో డేవిస్ గుగ్గెన్‌హైమ్ తీసిన అమెరికన్ డాక్యుమెంటరీ 'వెయిటింగ్ ఫర్ సూపర్‌మాన్'ను, 2012 నాటి చికాగో ఉపాధ్యాయుల సమ్మెను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. సినిమా చికాగో గురించి తీసింది కాదు. కాని చికాగో పాలకులు అమలు జరిపిన విద్యా విధానం వెనక ఉన్న వాదమే దాని ఇతివృత్తం.

ఐదుగురు పిల్లలు. పేటలోని బడి మీద నమ్మకం లేని తల్లిదండ్రులు. ప్రభుత్వ ధనంతో ప్రైవేటు యాజమాన్యాలు నడిపే చార్టర్ బడుల్లో సీట్లు తక్కువ కనుక లాటరీ తీస్తారు. చివరి ఘట్టంలో పిల్లల కళ్లు, తల్లుల ముఖాలు చూసి కంటతడి పెట్టనివారు ఉండరు. ఆ ఆరాటం నిజం. దాన్ని ఎగతాళి చేయడం విమర్శ కాదు. కాని చదువు లాటరీ ఎందుకైంది? దీనికి సినిమా చూపే ప్రధాన దోషి ఉపాధ్యాయ సంఘం. పేదరికం, జాతి వివక్ష నేపథ్యంలో మసకబారిపోతాయి. చార్టర్ బడుల్లో ఐదింట ఒక్కటే గొప్ప ఫలితాలిస్తోందని సినిమాయే ఒకచోట ఒప్పుకొని, ఆ వెంటనే మరిచిపోతుంది. 2009 నాటి స్టాన్‌ఫర్డ్ అధ్యయనం ప్రకారం మామూలు బడుల కంటే మెరుగైనవి 17 శాతమే. అధ్వాన్నమైనవి 37 శాతం.

లోపం వాదంలోనే కాదు, రూపంలోనూ ఉంది. లాటరీ కథలో ఒక బిడ్డ గెలవాలి, ఒక బిడ్డ ఓడాలి. ఓడిన బిడ్డకు జాలి దొరుకుతుంది. ఆ బిడ్డ తిరిగి వెళ్లే బడికి అదీ దొరకదు. కెమెరా వ్యక్తికి ఎంత దగ్గరైతే వ్యవస్థ అంత దూరమవుతుంది. ఆ ఖాళీని నింపడానికి సూపర్‌మాన్ కావలసి వస్తాడు.

చికాగో ఉపాధ్యాయులు కథ చెప్పే పద్ధతినే మార్చారు. 2010లో కెమిస్ట్రీ టీచరు కారెన్ లూయిస్ సంఘ నాయకత్వానికి వచ్చింది. 2011లో ఒబామా మాజీ ముఖ్య సహాయకుడు రామ్ ఇమాన్యుయెల్ మేయరయ్యాడు. సమ్మెకు సభ్యుల్లో 75 శాతం ఒప్పుకోవాలని అదే ఏడు చట్టం చేశారు. దాదాపు 90 శాతం ఒప్పుకున్నారు! 2012 ఫిబ్రవరిలో సంఘం ప్రచురించిన పత్రం జీతాల పట్టిక కాదు, పిల్లలకు ఎలాంటి బడులు కావాలో చెప్పే పత్రం. సెప్టెంబరు 10న సుమారు 26,000 మంది ఎర్ర చొక్కాలతో వీధుల్లోకి వచ్చారు. తల్లిదండ్రులూ వెంట నడిచారు. కోర్టుకెళ్లి సమ్మె ఆపించాలని మేయరు ప్రయత్నిస్తుండగా, ఉపాధ్యాయులు పికెట్ల దగ్గర కూర్చొని ఒప్పందాన్ని చదివి చర్చించుకున్నారు. ఏడు బడి రోజుల తర్వాత, 18న విరమించారు. సినిమాలో ఎక్కడా లేని దృశ్యం ఇదే: తమ భవిష్యత్తును తామే చదివి, తామే తేల్చుకునే శ్రామికులు.

దీన్ని సంపూర్ణ విజయమనడం మరో భ్రమ. ఉపాధ్యాయుల మదింపులో పరీక్ష మార్కుల పాలు చట్టం కోరిన కనీసం 30 శాతానికి పరిమితమైంది. కాని మర్నాటి ఏడే, 2013లో, దాదాపు 50 బడులు మూతపడ్డాయి. దెబ్బ ఎక్కువగా తగిలింది నల్లజాతి పేటలకే. ఆ గాయం రాజకీయమైంది. 2015 మేయరు ఎన్నికలో ఇమాన్యుయెల్ మొదటి విడతలో గట్టెక్కలేక రెండో విడతలో గెలిచాడు. 2019లో పోటీయే చేయలేదు. పోటీకి సిద్ధమవుతున్న లూయిస్‌ను 2014లో మెదడు కణితి ఆపేసింది. 2021లో ఆమె మరణించింది. 2023లో ఉపాధ్యాయుడిగా, సంఘ కార్యకర్తగా పనిచేసిన బ్రాండన్ జాన్సన్ మేయరుగా గెలిచాడు. కుర్చీ గెలవడమంటే బడిని గెలవడం కాదన్నది వేరే మాట.

'బతకలేక బడిపంతులు' అన్న సామెత మనదే. ఆ పంతుల్ని త్యాగమూర్తిని చేసి దండం పెట్టే కథలూ మనవే. జాలి, పూజ - రెండూ అతణ్ణి ఒంటరిని చేసేవే. దండం పెట్టించుకున్న గురువు సమ్మె చేస్తే పాపమంటారు. పంతుల్ని పనివాడిగా, పదిమందిలో ఒకడిగా, పిల్లల పక్షాన నిలబడి హక్కు అడిగేవాడిగా చూపే రచన రావాలి. సూపర్‌మాన్ కోసం ఎదురుచూసే సాహిత్యం ఎంత కన్నీరు కార్పించినా, బడి తలుపు తెరవలేదు.