'ద లవ్‌డ్ వన్' చలనచిత్రం: అంత్యక్రియల వ్యాపారం – సభ్యోక్తి

వ్యాససంగ్రహం:
టోనీ రిచర్డ్‌సన్ దర్శకత్వంలో 1965లో వచ్చిన 'ద లవ్‌డ్ వన్' అమెరికాలోని అంత్యక్రియల వ్యాపారాన్ని అధిక్షేపించిన డార్క్ కామెడీ. ఆ వ్యాపారానికి సభ్యోక్తి ఎలా ఉపకరిస్తుందో, దానిపై దృష్టి నిలిపినంతవరకే చిత్రంలోని వ్యంగ్యం ఎందుకు పదునుగా ఉందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: డార్క్ కామెడీ, వ్యంగ్యం, సభ్యోక్తి, అంత్యక్రియలు, ఎవెలిన్ వా.

1. ఉపోద్ఘాతం
బ్రిటిష్ రచయిత ఎవెలిన్ వా 1947లో హాలీవుడ్ వెళ్ళినప్పుడు లాస్ ఏంజెలెస్ సమీపంలోని ఫారెస్ట్ లాన్‌ను చూశాడు. శ్మశానాన్ని పచ్చిక బయళ్ళతో, శిల్పాలతో ఉద్యానవనంగా తీర్చిదిద్దిన సంస్థ అది. ఆ పరిచయం నుంచే 1948లో 'ద లవ్‌డ్ వన్' నవలిక వెలువడింది. 1963లో జెస్సికా మిట్‌ఫర్డ్ 'ది అమెరికన్ వే ఆఫ్ డెత్' గ్రంథంలో ఈ రంగంలోని అమ్మకపు పద్ధతులను విమర్శించింది. చిత్రం వచ్చేనాటికి విషయం అప్పటికే చర్చలో ఉంది.

2. మాట మాటున అమ్మకం
డెన్నిస్ అనే ఆంగ్ల యువకుడి బంధువు స్టూడియో ఉద్యోగం పోయి ఉరి వేసుకుంటాడు. తమ పరువుకు తగినట్లు అంత్యక్రియలు జరగాలని హాలీవుడ్‌లోని ఆంగ్లేయులు పట్టుపడతారు. డెన్నిస్ వెళ్ళిన 'విస్పరింగ్ గ్లేడ్స్'లో శవాన్ని శవమనరు, 'ప్రియమైనవారు' అంటారు. శవపేటికలు అమ్మే స్టార్కర్, లోపలి గుడ్డ రేయాన్‌ది అయితే ఒరుసుకుంటుందని హెచ్చరిస్తాడు. శవానికి ఒరిపిడి తెలియదు. కాని ఆ సంగతి పైకి అంటే పోయినవారిపై ప్రేమ లేదని ఒప్పుకున్నట్లవుతుంది. 'ప్రియమైనవారు' అన్న పిలుపు శవానికి సుఖదుఃఖాలను ఆపాదిస్తుంది. సుఖం ఉందనుకున్నచోట సౌకర్యాన్ని అమ్మవచ్చు. దుఃఖంలో ఉన్నవారు బేరమాడలేరు. ఆ నిస్సహాయతే ఈ వ్యాపారానికి పెట్టుబడి.

3. తెలుగు సభ్యోక్తులతో పోలిక
తెలుగులోనూ మరణాన్ని సూటిగా చెప్పరు. 'పరమపదించారు', 'శివైక్యం చెందారు', 'కాలం చేశారు' అంటారు. ఇవి పోయినవారి పట్ల గౌరవాన్ని, చెప్పేవారి విశ్వాసాన్ని తెలుపుతాయి. వినేవారిని ఏదీ కొనమనవు. కనుక చిత్రం అధిక్షేపించింది సభ్యోక్తిని కాదు, దానికి కట్టిన వెలను. అయితే పెద్దకర్మ ఘనంగా చేయకపోతే నలుగురూ ఏమంటారోనన్న భయం తెలుగువారికి కొత్త కాదు. డెన్నిస్‌పై వచ్చిన ఒత్తిడి ఇక్కడి పాఠకులకు సులువుగానే అర్థమవుతుంది.

4. చిత్రపరిమితి
ఉత్తరార్ధంలో శ్మశానాధిపతి ఆ స్థలంలో వృద్ధుల నివాసాలు కడితే లాభమెక్కువని గ్రహిస్తాడు. శవాలను రాకెట్లలో అంతరిక్షానికి పంపే పథకం వేస్తాడు. నవలికలో లేని ఈ కల్పన నవ్వు పుట్టిస్తుంది కాని విమర్శను పలుచన చేస్తుంది. శవపేటికల గదిలో ప్రేక్షకుడు తననూ కొనుగోలుదారుగా ఊహించుకోక తప్పదు. రాకెట్ ఘట్టంలో తప్పంతా ఒక దుర్మార్గుడిది కావడంతో అతడు కేవలం చూపరి అవుతాడు. ఈ భాగానికి బరువునిచ్చేది ఎమీ పాత్ర ఒక్కటే. శవాలను అలంకరించే ఆ యువతి సంస్థ చెప్పిన మాటలను మనసారా నమ్ముతుంది. ఆ నమ్మకం చెదిరినప్పుడు ప్రాణం తీసుకుంటుంది.

5. ముగింపు
అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన 1984లో అమల్లోకి వచ్చి, అంత్యక్రియల సేవల ధరలను విడివిడిగా రాతపూర్వకంగా ఇవ్వడాన్ని తప్పనిసరి చేసింది. ధర తెలిసినా, దుఃఖంలో ఉన్నవారికి వద్దనడం సులువు కాదు. ఆ ఇబ్బందిని స్టార్కర్ సన్నివేశం చూపినంత స్పష్టంగా రాకెట్ ఘట్టం చూపలేకపోయింది. చిత్రం బలమూ పరిమితీ ఈ భేదంలోనే ఉన్నాయి.