గోడ మీది బొగ్గురాత ఎవరిది?

జైల్లో కళ ఖైదీకి మేలు చేస్తుందా అని అడిగితే తెలుగు సాహిత్యం ఒకే బొమ్మ చూపెడుతుంది. 1948 ప్రాంతపు నిజామాబాద్ జైలు, చేతిలో బొగ్గు, గోడ మీద దాశరథి పద్యం. గొప్ప బొమ్మే, కాదనం. కానీ ఆ పక్కనున్న మనిషిని ఎందుకు మరిచిండ్రు? ఆ జైల్లో దాశరథికి తోడున్న వట్టికోట ఆళ్వారుస్వామి మా నల్లగొండ జిల్లా నకిరేకల్ ప్రాంతపోడు. హోటల్లో సర్వర్‌గా బతికి, తనంత తాను చదువుకొని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టినవాడు. 1949లో దాశరథి 'అగ్నిధార'ను అంకితమిచ్చింది ఆయనకే.

ఆళ్వారుస్వామి 'జైలు లోపల' కథల్ని మళ్లీ చదవాలంటున్నం. రాజకీయ ఖైదీ అయ్యుండి కూడా ఆయన తన త్యాగం గురించి రాసుకోలేదు. మామూలు నేరాల కింద శిక్షపడ్డవాళ్ల బతుకు రాసిండు. నేరం వెనకున్న లేమిని, పరిసరాలను చూపిండు. ఆ కథల్లో ఖైదీ నెంబరు కాదు, మనిషి.

మా పేచీ కూడా అక్కడే ఉంది. ఆ మనిషి కథలో మాట్లాడుతడు గానీ కలం ఆయన చేతిలో లేదు. చదువు, తోడుగా ఒక కవి, బయట అచ్చేసే దిక్కు ఉన్నవాడే రాయగలిగిండు. 1951లో అరెస్టయిన మఖ్దూం మొహియుద్దీన్ జైల్లో 'ఖైద్' రాసిండంటే ఆయన వెనక ఉర్దూ కవిత్వమంతా ఉంది. మరుసటేడు హుజూర్‌నగర్ జనం ఆయన్ను అసెంబ్లీకే పంపిండ్రు. ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగు చదివి, ఏ భాషలోనూ రాసే ధైర్యం లేని మా పాలమూరు పిలగాని వెనక ఏముంది?

ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. 2022 ప్రభుత్వ లెక్కల్లోనే దేశంలోని ఖైదీల్లో నలుగురికి ముగ్గురు విచారణ ఖైదీలు. వాళ్లలో ముస్లింల వాటా జనాభాలో మా వాటా కన్నా ఎక్కువ. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాద్‌లో పట్టుకుపోయిన యువకులెందరో కోర్టుల్లో నిర్దోషులుగా తేలిండ్రు. వాళ్ల మీద పోలీసులు రాసిన కాగితాలు కట్టలకొద్దీ ఉన్నయి. వాళ్లు రాసుకున్నది ఎంత అచ్చయింది?

కళతో ఖైదీ 'మారుతడ'ని అధికార్లు అంటరు. నేరమే రుజువు కానోణ్ణి ఏం మారుస్తరు? మేం చూసే మేలు వేరు. చార్జిషీటు అతణ్ణి ఎవరో ఒకరిగా తేల్చేస్తది. తను రాసిన కథలో, గీసిన బొమ్మలో, కట్టిన పాటలో తానెవరో తానే చెప్పుకుంటడు. తేదీ మీద తేదీ పడే రోజుల్లో తన చేతిలో ఉండే పని అదొక్కటే. పీర్ల పాటనే తీసుకోండి. మా ఊర్లల్ల అలావా చుట్టూ తిరిగేది సాయిబులొక్కరే కాదు, అన్ని కులాలోళ్లు. బ్యారక్‌లో ఒకడు ఆ పాటెత్తుకుంటే పక్కోడు అందుకుంటడు. ఉగ్రవాది అని ముద్రేసినోణ్ణి అప్పుడు ఊరోడిగా గుర్తుపడతడు.

అందుకని మేం అడిగేది పెద్దదేం కాదు. ఖైదీకి నోటుబుక్కు, కలం ఇవ్వండి. ఉర్దూ రాయొచ్చే తోడు, తెలుగు రాయొచ్చే తోడు, రాయరానోడు చెప్తే రాసిపెట్టే తోడు ఇవ్వండి. రాసింది దాటిపోకుండా జల్లెడ పట్టకండి. ఇక విమర్శకులకు ఒక మాట: అది బయటికొచ్చిన రోజు జాలితో చదవకండి. ఆళ్వారుస్వామి కథల పక్కన పెట్టి, బాగుంటే బాగుందని, లేకుంటే లేదని చెప్పండి.