ఏ ఊరి టీచరు? బడి సత్తా కొలతల్లో వాడ ప్రశ్న

బడి బాగుందో లేదో ఎవరు తేల్చాలి? దేనితో కొలిచి తేల్చాలి? తెలుగు నేల మీద నలభై ఏళ్ళుగా ఈ పని విద్యాశాఖ, విదేశీ సహాయ సంస్థలు, ప్రపంచ బ్యాంకు, విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలు చేస్తూ వచ్చారు. పిల్లల మార్కులు, టీచరుకిచ్చే ఆసరా, బడి సత్తా - ఈ మూడింటినీ ముడివేసి వాళ్ళు రాసే రాతలు టీచర్ల నియామకాల మీద, జీతాల మీద, బళ్ళ విలీనాల మీద జరిగే చర్చకు ఆధారాలవుతున్నాయి. ఆ నిర్ణయాల బరువు మోసేది మాత్రం ఎక్కువగా దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల పిల్లలు. సర్కారు బళ్ళో ఎక్కువగా మిగిలింది వాళ్ళే గదా! అందుకే ఈ పరిశోధనల్ని వాడ వైపు నిలబడి చదవాలని మేము అనుకుంటున్నాం.

మేము చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఈ పరిశోధనల్లో కులం లేదని కాదు. ఉంది. కాని అది పిల్లల ‘నేపథ్యం’ అనే గడిలో ఉంది. తండ్రి చదువు, ఇంటి ఆస్తి, కులం అని వరుసగా రాసి, లెక్కలో సర్దేసి పక్కన పెడతారు. బడి నడిచే తీరులో, టీచరు నిలబడే చోటులో, పిల్లను పిలిచే పిలుపులో ఉన్న కులాన్ని అడగరు. నేపథ్యం పిల్లది, సత్తా బడిది అన్న ఈ పంపకంలోనే తిరకాసు ఉంది.

లెక్కలు ఏం చెప్పాయి?

ముందు వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటగానే విందాం. 1980ల నడుమ బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. తరగతి గదులు కట్టడం, కొన్ని బళ్ళకు కలిపి ఒక టీచర్ సెంటర్ పెట్టడం, పిల్లల చేత పని చేయించి నేర్పే పద్ధతుల్లో శిక్షణ ఇవ్వడం దాని పని. 1996లో మొదలైన డిపెప్‌లో వరంగల్ కూడా ఒక జిల్లా. టీచరుకు ఆసరా ఇస్తే బడి బాగుపడుతుందన్నది ఈ రెండు పథకాల నమ్మకం.

ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది 2005లో మొదలైన ప్రయోగాల వరస. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి నడిపిన ఈ పనిని కార్తిక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ రాశారు. పిల్లల సగటు మార్కులు ఒక మేరకు మించి పెరిగితే పెరిగిన ఒక్కొక్క శాతానికి 500 రూపాయల లెక్కన టీచర్లకు బోనస్ ఇచ్చారు. రెండేళ్ళ తర్వాత ఆ బళ్ళ పిల్లలు పోలిక బళ్ళ పిల్లలకంటే లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. వందమంది పిల్లల్ని మార్కుల వరసలో నిలబెడితే, సరిగ్గా నడుమ ఉన్న పిల్ల లెక్కల్లో పదిమందిని దాటి ముందుకు పోయిందన్నమాట. 2011లో అచ్చయిన ఈ ఫలితం చిన్నదేమీ కాదు. గమనించాల్సింది ఇంకోటుంది. బోనస్ ఉన్నందుకు టీచర్ల హాజరు పెరగలేదు. వచ్చినవాళ్ళు మాత్రం ఎక్కువ పాఠం చెప్పారు.

ఇంకో ప్రయోగంలో పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రాసి టీచర్లకు నివేదికలిచ్చారు. ఎవరైనా చూస్తున్నప్పుడు టీచర్లు బాగానే చెప్పారు, పిల్లల మార్కులు మాత్రం పెరగలేదని 2010లో రాశారు. ఉత్త కాగితం ఆసరా కాదని దీన్నిబట్టి తేలింది. ఇది టీచర్లకు ఎప్పుడో తెలిసిన సంగతే.

మూడోది కాంట్రాక్టు టీచర్ల ప్రయోగం. వంద బళ్ళకు అదనంగా ఒక్కో కాంట్రాక్టు టీచరును ఇచ్చారు. వాళ్ళ జీతం రెగ్యులర్ టీచరు జీతంలో అయిదో వంతుకు మించదు. అయినా ఆ బళ్ళలో మార్కులు పెరిగాయి. బడికి రాకపోవడం రెగ్యులర్ టీచర్లలో 27 శాతం ఉంటే కాంట్రాక్టు వాళ్ళలో 18 శాతమే. ఇక దీన్నుంచి పాలకులు లాగే నీతి ఏంటో చెప్పక్కర్లేదు: తక్కువ జీతం ఇచ్చినా ఎక్కువ పని జరుగుతుంది, ఉద్యోగ భద్రతే చెరుపు. అయిదో వంతు జీతానికి ఒప్పుకునేది ఏ ఇంటి పిల్లలు, ఎందుకు ఒప్పుకుంటారు అన్న ప్రశ్న ఈ నీతిలో ఎక్కడా రాదు.

‘అదే ఊరు’ అంటే ఏది?

ఈ మూడో పరిశోధనలోనే మాకు బాగా పనికొచ్చే ఒక మాట ఉంది. కాంట్రాక్టు టీచర్లు ఎక్కువగా అదే ఊరివాళ్ళు. వాళ్ళు రోజూ బడికి రావడానికి అదీ ఒక కారణం కావచ్చునని ఎవరికైనా తడుతుంది. కాని తెలుగు నేల మీద ‘అదే ఊరు’ అంటే ఏంటి? మనకు ఊరు ఒకటి కాదు, రెండు. ఊరు, వాడ. మాలవాడ, మాదిగవాడ వేరువేరు అనుకుంటే మూడు. లంబాడీ తండాను కలుపుకుంటే నాలుగు. ‘అదే ఊరి టీచరు’ అని పట్టికలో టిక్కు పెట్టినప్పుడు ఆ టీచరు ఇల్లు ఏ వాడకట్టులో ఉందో పట్టిక అడగదు. సాయంత్రం ఆ పిల్ల బడికి ఎందుకు రాలేదో కనుక్కోవడానికి ఆ టీచరు వాడలోకి నడిచి వస్తాడా? వాకిట్లో మంచమ్మీద కూచుంటాడా, మంచినీళ్ళు తాగుతాడా? ఈ ప్రశ్నలకు పట్టికలో గడి లేదు.

బోనస్ ప్రయోగంలో కులాన్నిబట్టి ఫలితం మారిందా అని చూశారు, చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. మేము దాన్ని కాదనడం లేదు. కాని బోనస్ వల్ల అందరూ ఒక మెట్టు ఎక్కితే వాడ పిల్లకూ ఊరి పిల్లకూ మధ్య ఉన్న మెట్లు అన్నే ఉంటాయి గదా! ఆ మెట్లు ఎవరు కట్టారన్నదే మా ప్రశ్న.

చట్టం కూడా ఇదే చూపుతో రాశారు. 2009 విద్యాహక్కు చట్టం కింద చేసిన నియమాల్లో ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపల ఉండాలి. ఆ కిలోమీటరు ఎవరి వీధి మీదుగా పోతుందో నియమాల్లో లేదు. పిల్లలు తక్కువున్నారని బళ్ళను కలిపేసేటప్పుడు, 2022లో ఆంధ్రప్రదేశ్ జీవో 117 ప్రకారం 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించినప్పుడు, లెక్కలోకి వచ్చింది దూరమూ పిల్లల సంఖ్యే. వాడలో ఉన్న చిన్న బడి ఈ కొలతలో ఎప్పుడూ ‘సత్తా లేని బడి’గానే తేలుతుంది.

డోర్నకల్ చెప్పే సంగతి

ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న డోర్నకల్, 2016 దాకా వరంగల్ జిల్లాలోది. రైల్వే జంక్షన్‌గా అందరికీ తెలిసిన ఈ ఊరు 1912లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య బిషప్ అయినప్పుడు ఆయన పీఠమైంది. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయన. తిరునెల్వేలి నాడార్ కుటుంబంలో పుట్టిన తమిళుడు. 1945లో డోర్నకల్‌లోనే చనిపోయాడు. ఆయన మేత్రాసనం తర్వాత నిజాం ఇలాకా దాటి కృష్ణా ప్రాంతం దాకా విస్తరించింది. అందులో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగలు. 1935 నాటికి ఈ మేత్రాసనంలో 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా పల్లె టీచర్లు ఉన్నారు.

ఈ రెండు వేల సంఖ్య దగ్గర కాసేపు ఆగాలి. ఈ పల్లె టీచర్లు ఎక్కువగా ఆ వాడల్లోంచి వచ్చినవాళ్ళే. బోర్డింగు బళ్ళో చదువుకుని, వాడకు తిరిగొచ్చి, భార్యాభర్తలిద్దరూ అక్కడే కాపురం పెట్టి అక్షరాలు నేర్పారు. పగలు దొర దగ్గర జీతానికుండే పిల్లలకు రాత్రి బడి పెట్టారు. టీచరు ఒంటరి కాదు. పైన పాస్టరు ఉంటాడు, అప్పుడప్పుడు టీచర్లందర్నీ పోగుచేసి శిక్షణ ఇస్తారు, సమస్య వస్తే పోయి చెప్పుకునే చోటు ఉంది. 1980ల్లో విదేశీ డబ్బుతో టీచర్ సెంటర్ పేరిట కొత్తగా కనిపెట్టినట్టు చెప్పిన ఆసరాకు ఇక్కడ అర్ధశతాబ్దం ముందే ఒక రూపం ఉంది. పైగా ఇక్కడ బడి వాడలోనే ఉంది. పిల్ల బడికి పోవాలంటే ఊరి వీధి దాటక్కర్లేదు.

దీన్ని స్వర్ణయుగం అని మేము అనడం లేదు. ఆ చదువు బైబిలు చదవగలగడం అనే హద్దు దాటడం చాలామందికి కుదరలేదు. టీచరు జీతం చిన్నది, అతని బతుకు చర్చి పెద్దల చేతిలో ఉండేది. మాల మాదిగల మధ్య పోటీ, ఎడం చర్చిలోకి కూడా వచ్చాయి. ఏ వాడకు ఎప్పుడు బడి వచ్చిందన్నదాని వెనక ఈ ఎడం కూడా పనిచేసి ఉంటుంది. డోర్నకల్ చరిత్రను బిషప్ చరిత్రగా రాసినవాళ్ళు ఉన్నారు. రెండు వేలమంది వాడ టీచర్ల చరిత్రగా రాయాల్సింది ఇంకా మిగిలే ఉంది. బడి సత్తా పరిశోధనకు ఇంతకంటే పెద్ద నమూనా మన దగ్గర ఏముంది?

కులాన్ని బడి లోపల వెతికినవాళ్ళు

ఇది కుదరని పని కాదు. అమెరికాలో 1966 కోల్మన్ నివేదిక, పిల్లల చదువును తేల్చేది బడికంటే ఇల్లేనన్న అభిప్రాయాన్ని బలపరిచింది. పేద నల్లజాతి పిల్లలు వెనకబడటానికి వాళ్ళ ఇళ్ళే కారణమని చెప్పుకోవడానికి చాలామందికి అది వీలిచ్చింది. నల్లజాతి విద్యావేత్త రాన్ ఎడ్మండ్స్ 1979లో ఎదురు నిలిచి, పేద పిల్లలకు బాగా చదువు చెప్పే బళ్ళు ఉన్నాయని, లేనిచోట మన పట్టింపే లేదని వాదించాడు. ‘బడి సత్తా’ అనే మాట ఆ పోరాటంలో పదునెక్కింది. మన దగ్గరికి వచ్చేసరికి ఆ పోరాటం రాలిపోయి పట్టిక మిగిలింది.

కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్‌లో 6, 7 తరగతుల మగపిల్లలకు చిక్కుదారి పజిళ్ళు ఇచ్చి చూశారు. 2004లో వెలువరించిన ఆ పరిశోధనలో, కులం బయటపెట్టనప్పుడు దళిత పిల్లలు అగ్రవర్ణ పిల్లలతో సమానంగా చేశారు. అందరి ముందు పేరూ కులమూ చదివితే వెనకబడ్డారు. అవే పజిళ్ళు, మారింది పిలుపు. ‘నేపథ్యం’ అనుకున్నది గదిలోనే పుట్టిందన్నమాట. సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ 2005లో ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో 531 గ్రామాల మధ్యాహ్న భోజనం గురించి రాస్తూ, అన్నం ఏ వాడలో పెడుతున్నారు, వండేది ఎవరు అని అడిగారు. అన్నం గురించి అడిగిన ప్రశ్న అక్షరం గురించి ఎందుకు అడగకూడదు?

మనకు మింగుడుపడని సంగతి కూడా ఒకటుంది. రీమా హన్నా, లీ లిండెన్ 2012లో అచ్చు వేసిన ప్రయోగంలో, జవాబు పత్రం మీద తక్కువ కులం పేరు పెడితే మార్కులు కొంచెం తగ్గాయి. ఆ తగ్గింపు ఎక్కువగా తక్కువ కులాల టీచర్లు దిద్దినప్పుడే కనిపించింది. కాబట్టి ‘మనవాడు టీచరైతే చాలు’ అనడం సరిపోదు. ఊరి చూపు మనలోకి కూడా దిగబడి ఉంది. ఒంటరి దళిత టీచరు ఆ చూపుకు తలవంచే ప్రమాదం ఎక్కువ. అతనికి తోటి టీచర్లు, సంఘం, వాడ ఆసరాగా ఉండాలి. డోర్నకల్ వాడ టీచరుకు ఎంతో కొంత ఉన్నది, ఈనాటి కాంట్రాక్టు టీచరుకు బొత్తిగా లేనిది ఆ ఆసరానే.

ఏం అడగాలి?

పరిశోధన వద్దనడం మా ఉద్దేశం కాదు. అంకెల్ని వదిలేస్తే అవి ఊరి చేతిలోనే ఉంటాయి. బడి సత్తా మీద ఇక జరిగే ప్రతి సర్వేలో మూడు గడులు కొత్తగా ఉండాలి. బడి ఏ వాడలో ఉంది, పిల్ల ఎవరి వీధి దాటి వస్తోంది? టీచరు ఇల్లు ఏ వాడలో ఉంది, పిల్లల ఇళ్ళకు వస్తాడా? తరగతిలో ఎవరు ఎక్కడ కూచుంటారు, చీపురు ఎవరి చేతికిస్తారు? వీటికి కోట్ల నిధులు అక్కర్లేదు. టీచర్ల సంఘాలు, విద్యార్థి సంఘాలు ఒక్కో మండలంలో మొదలుపెట్టగలవు. డోర్నకల్ మండలం వాడల్లోనూ తండాల్లోనూ మొదలుపెడితే, వందేళ్ళ చరిత్ర పక్కనే పెట్టుకుని చూసుకోవచ్చు.

వాడ బడిని మూసే ముందు దాని సత్తా ఎంత అని సర్కారు అడుగుతోంది. ఆ ప్రశ్నకు జవాబు రాసే కాగితం మీద వాడ అనే మాట ఉండాలని మేము అడుగుతున్నాం.