పేరు లేని బొమ్మ

గిరిజనుల గురించి చెప్పే చాలా వెబ్‌సైట్లలో రెండే బొమ్మలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. ఒకటి, నెమలి ఈకల టోపీతో ఆడుతున్న గుస్సాడీ. రెండోది, చినిగిన చొక్కాతో కెమెరా వైపు చూస్తున్న పిల్ల. ఆడే మనిషి, లేదంటే అడిగే మనిషి. పొలం దున్నే, పాఠం చెప్పే, పంచాయితీలో మాట్లాడే మనం అక్కడ కనిపించం.

ఇవి ఎక్కువగా స్టాక్ ఫొటోలు. అంటే ఎవరో తీసి, ఎవరైనా వాడుకోవడానికి డబ్బుకో ఉచితంగానో అంగడిలో పెట్టినవి. వెతికేవాళ్లు 'ట్రైబల్, ఇండియా' అని కొడితే చాలు, వందల ముఖాలు వస్తాయి. తెగ పేరు, ఊరు, సందర్భం అక్కడే రాలిపోతాయి. ఒడిశాలోని మల్కన్‌గిరి కొండల బోండా మహిళ ఫొటోను సవర పిల్లల బడి గురించిన పుటకు అతికించినా డిజైనరుకు తేడా తెలియదు. మనకు తెలుస్తుంది. 2011 లెక్కల ప్రకారమే దేశంలో 10 కోట్లకు పైగా ఉన్న మనం ఒకే ముఖంగా మారిపోయేది ఇలాగే.

గుస్సాడీ అలంకారం కాదు. దీపావళి వేళ దండారిలో ఆదిలాబాద్ ప్రాంతపు రాజ్‌గోండులు నియమంతో వేసే వేషం. దాన్ని కోయ, చెంచు, కొండరెడ్డి అందరి పేరా వాడితే గోండులకు గౌరవమూ కాదు, మిగతావారికి గుర్తింపూ కాదు.

బయటివాళ్లు తీశారు కాబట్టి ఫొటో చెడ్డదని నేననను. హైమన్‌డార్ఫ్ బయటి నుంచి వచ్చినవాడే. మార్లవాయిలో ఉండి, గోండి నేర్చుకుని, 1940లలో ఫొటోలు తీశాడు. అవి ఫలానా జనానివి, ఫలానా చోటివి అని చెప్పగలుగుతున్నాం. అందులోనూ తీసేది ఒకరు, తీయించుకునేది మరొకరు. అయినా అవి మనుషులు లేని బొమ్మలు కావు.

ఇప్పుడు మన బడికి, మన సంఘానికి మనమే వెబ్‌సైట్ పెట్టుకుంటున్నాం. మనం కూడా అదే అంగడికి వెళితే అదే బొమ్మ తెచ్చుకుంటాం. కాబట్టి ఏ ఫొటో ఎంచుకున్నా మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఇది ఎవరిది, ఎక్కడిది? జవాబు దొరక్కపోతే పక్కన పెట్టాలి.

మనం రాసిన మాటే ఇది చెబుతోందా? అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాఫీ గురించిన పుటకు ధింసా వరుస ఎందుకు? ధింసా అందమైనదే. కానీ నీడ చెట్ల కింద ఎర్రని పండ్లు ఏరే చెయ్యి, కళ్లంలో ఆరబోసిన గింజలు కొనేవారికి ఎక్కువ చెబుతాయి.

అందులో ఉన్న మనిషి ఒప్పుకున్నారా? ప్రకటనలకు ఫొటో అమ్మాలంటే స్టాక్ కంపెనీలు సాధారణంగా అందులో కనిపించే మనిషి సంతకం అడుగుతాయి. సంతకం లేనివాటిని వార్తల వంటి అవసరాలకే పరిమితం చేస్తాయి. వ్యాపారం పాటించే ఈ కనీస మర్యాద మనం మన అవ్వకు చూపించలేమా? పిల్లలైతే తల్లిదండ్రులను అడగాలి.

చేతిలో ఫోను ఉంది, ఊరు ఎదురుగా ఉంది. టీచర్లు దీన్ని ఒక తరగతి పనిగా ఇవ్వవచ్చు: పిల్లలు తమ ఊరి పని ఒకటి ఫొటో తీసి, అందులోని వారిని అడిగి, పేరు, ఊరు, చేస్తున్న పని కింద రాయాలి. తెలుగులోనూ, తమ భాషలోనూ. మంచి వెలుతురు, మంచి కోణం తర్వాత నేర్చుకోవచ్చు. పేరు రాయడం మాత్రం మొదటి ఫొటోతోనే మొదలుకావాలి.